నేతగాని కొడుకు కట్టిన బడి, మన సంఘం స్టాకు రిజిస్టరు
(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

మేము బరంపురం నేత సహకార సంఘం తరఫున మాట్లాడుతున్నాం.

ముందుగా ఒక మాట. మేము పెద్ద చదువులు చదివినవాళ్ళం కాము. ఎనిమిదో తరగతితో పలక పక్కన పెట్టి మగ్గం గుంటలోకి దిగినవాళ్ళం. సంఘం సెక్రటరీ పని మీద పడ్డాక నాలుగు కాగితాలు చూడ్డం నేర్చుకున్నాం. ఈ ప్రసంగంలో "మేము" అంటున్నామంటే ఒక్క మనిషి కాదు. తప్పు చేసినా ఒప్పు చేసినా కమిటీగా చేశాం గనక కమిటీగానే చెప్పుకుంటాం.

మా ఊరి సంగతి మీలో చాలామందికి తెలుసు. ఇవాళ అది ఒడిశాలో ఉంది. 1936కు ముందు మద్రాసు రాజధానిలో ఉండేది. మా పెద్దలు రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారని చెప్పుకుంటారు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. కుంభం అంచుతో నేసే బరంపురం పట్టు, మగవాళ్ళ పూజకు కట్టే జోడా మా చేతి పని. రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్ర జరిగితే అమ్మవారు మా నేత పెద్ద ఇంటికి పుట్టింటికి వచ్చినట్టు వస్తుంది. అంత గౌరవం ఉన్న వీధి మాది. అలాంటి వీధిలో కూడా మగ్గాల చప్పుడు తగ్గిపోతోంది. ఆ మాట దాచుకుని లాభం లేదు.

ఈ రోజు మేము మాట్లాడేది ఒక యూనివర్సిటీ గురించి, అందులోని బిజినెస్ స్కూలు గురించి. అమెరికాలో పిట్స్‌బర్గ్ అనే ఊళ్ళో ఉంది. పేరు కార్నెగీ మెలన్ యూనివర్సిటీ. "మగ్గం వాళ్ళకి ఆ గొడవ ఏటికి బాబూ?" అంటారేమో. మేమూ మొదట అదే అన్నాం. ఎందుకు మాట మార్చుకున్నామో చెబుతాం.

మా సంఘంలో ఒక సభ్యుడి కూతురు బీబీఏ చదివింది. ఎంబీయేలో సీటు వచ్చిందని, సంఘం విద్యానిధి నుంచి లక్షన్నర అప్పుగా ఇప్పించమని దరఖాస్తు పెట్టింది. మా నిధి నియమం ప్రకారం ఇంజనీరింగు, డాక్టరు, నర్సింగు, టీచరు చదువులకే ఇస్తాం. కమిటీలో ఒక పెద్దాయన, "నేతవాడి పిల్ల షావుకారు చదువు చదివి ఏం చేస్తుంది? రేపు మన చీరకే ధర తగ్గించే కంపెనీలో చేరుతుంది" అన్నాడు. మేము కూడా తల ఊపాం. ఆ పిల్ల ఏడవలేదు, అలగలేదు. "పెదనాన్నా, అప్పు ఇవ్వకపోతే మానె. మూడేళ్ళ స్టాకు రిజిస్టరు, అమ్మకాల పుస్తకం నాకు రెండు నెలలు ఇవ్వండి. నా కాలేజీ ప్రాజెక్టుకు కావాలి" అంది. ఇచ్చాం. ఇవ్వడానికి మనసు ఒప్పలేదు. ఎందుకంటే ఆ రిజిస్టరులోనే మా తప్పు ఉంది.

ఆ తప్పు ఇది. అంతకు ముందు ఏడు పెళ్ళి ముహూర్తాలు గట్టిగా పడ్డాయి. వెడల్పు అంచు చీరలు వేడి వేడి జంతికల్లా అమ్ముడయ్యాయి. మేము సంబరపడి, బెంగుళూరు పట్టు ధర ఎక్కువగా ఉన్నప్పుడే క్యాష్ క్రెడిట్ మీద అప్పు తెచ్చి నూలు కొన్నాం. అన్ని మగ్గాలకూ అదే వెడల్పు అంచు డిజైన్ ఇచ్చాం. మరుసటి ఏడు ముహూర్తాలు తక్కువ. చీరలు బీరువాల్లో నిలిచిపోయాయి. లెక్కపెడితే 340. చేతిలో డబ్బు లేదు. రెండు నెలల నేత కూలి నిలిపేశాం. మూడో నెల నూలు ఇవ్వడమే ఆపేశాం. నాలుగు కుటుంబాల్లో మగవాళ్ళు సూరత్ బండి ఎక్కారు. అక్కడ పవర్‌లూముల్లో రాత్రి షిఫ్టు. గంజాం జిల్లా నుంచి సూరత్ వెళ్ళేవాళ్ళ సంగతి కొత్తేం కాదు. కానీ మా చేతిలో నాడె ఆడించడం నేర్చినవాళ్ళు వెళ్ళడం వేరు. ఆ నాలుగు మగ్గాల గుంటల్లో ఇప్పుడు ఒకదాన్లో మేక కట్టేస్తున్నారు.

రెండు నెలలయ్యాక ఆ పిల్ల వచ్చి కమిటీ ముందు కూర్చుని చిన్న లెక్క చెప్పింది. "ఒక చీర మీద మనకు పడిన ఖర్చు సుమారు 9,000. 340 చీరలంటే 30 లక్షల 60 వేలు. వడ్డీ 12 శాతం వేసుకుంటే నెలకు 30,600. ఒక చీర నేత కూలి 3,000. అంటే బీరువా తలుపు వేసి ఉన్నందుకే మనం ప్రతి నెలా పది చీరల కూలి బ్యాంకుకు కడుతున్నాం." ఎవరికీ నోట మాట లేదు. నలభై ఏళ్ళుగా జమాఖర్చులు రాస్తున్నాం. ఈ లెక్క మాత్రం ఎన్నడూ వేయలేదు.

"ఇది ఎక్కడ నేర్చావమ్మా?" అని అడిగాం. "వడ్డీ లెక్క మామూలుదే పెదనాన్నా. కానీ ఏ నెలలో ఎంత నేయాలి, ఎంత దాచాలి, ఎంతమందికి పని ఇవ్వాలి అన్న లెక్క మా పుస్తకంలో ఉంది. అది కార్నెగీ మెలన్ అనే చోట పుట్టింది. ఆ కార్నెగీ ఎవరనుకున్నారు? చేనేత మగ్గం నేసే ఆయన కొడుకు" అంది. అప్పుడు మా చెవులు నిక్కాయి. మేము అడిగి చెప్పించుకున్న కథ మీకూ చెబుతాం.

స్కాట్లాండులో డన్‌ఫర్మ్‌లిన్ అని ఒక ఊరు. అవిసె నారతో పువ్వుల డిజైన్ వేసి నేసే డమాస్కు బట్టకు పేరున్న ఊరు. అక్కడ విలియం కార్నెగీ అనే నేతగాడు. కింద మగ్గం, పైన కాపురం. మన ఇళ్ళలాగే. 1835లో ఆయనకు ఆండ్రూ పుట్టాడు. కొన్నాళ్ళు బాగానే సాగింది. తర్వాత ఆవిరితో నడిచే మరమగ్గాలు వచ్చాయి. పని తగ్గి తగ్గి ఒక రోజు ఇంక పనే దొరకదనే స్థితి వచ్చింది. తల్లి మార్గరెట్ చిన్న కొట్టు పెట్టింది, చెప్పులు కుట్టింది. చివరికి మగ్గాలు వేలం వేస్తే వచ్చింది చాలలేదు. తల్లి స్నేహితురాలి దగ్గర 20 పౌన్లు అప్పు తీసుకుని 1848లో ఓడ ఎక్కారు. వెళ్ళింది పిట్స్‌బర్గ్ పక్కనున్న ఆలెఘెనీకి.

అక్కడ తండ్రి బట్టల మిల్లులో చేరాడు. 13 ఏళ్ళ ఆండ్రూ కూడా అదే మిల్లులో కండెలు అందించే కుర్రాడిగా చేరాడు. వారానికి 1 డాలరు 20 సెంట్లు. తెల్లవారకముందే పనికి పోయి చీకటి పడ్డాక ఇంటికి రావడం. మన సూరత్ పిల్లల సంగతి చెప్పినట్టే లేదూ? తండ్రికి మిల్లు పని పడలేదు. మళ్ళీ చేతి మగ్గానికే వెళ్ళాడు. మేజా గుడ్డలు తానే నేసి తానే ఊరూరా తిరిగి అమ్ముకున్నాడు. ఒకసారి కొడుకు పని మీద వెళ్తూ నది పడవలో తండ్రిని కలిశాడట. గది టికెట్టుకు డబ్బు లేక ఆయన డెక్కు మీదే రాత్రి గడుపుతున్నాడు. ఆ బట్ట అమ్ముకోవడానికే వెళ్తున్నాడు. 1855లో ఆయన పోయాడు. ఆ భాగం విన్నప్పుడు మా కమిటీలో అందరం తల దించుకున్నాం. ఎందుకంటే మనలో ప్రతివాడికీ అలాంటి తండ్రో తాతో ఉన్నాడు. బస్టాండులో మూట తల కింద పెట్టుకుని పడుకున్నవాడు.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆండ్రూ చేతి పనితో పైకి రాలేదు. ఆ రెండో ఫ్యాక్టరీ యజమాని ఒక రోజు అతని చేతిరాత, కూడికలు చూసి బిల్లులు రాయమన్నాడు. యజమాని లెక్క ఒంటి పద్దు లెక్క. పెద్ద కంపెనీలు రెండు పద్దుల లెక్క, అంటే డబుల్ ఎంట్రీ రాస్తాయని విని, ఆండ్రూ, అతని స్నేహితులు చలికాలం రాత్రి బడికి వెళ్ళి ఆ లెక్క నేర్చుకున్నారు. తర్వాత తంతి ఆఫీసు, రైల్వే, చివరికి ఉక్కు. ఒక టన్ను ఉక్కుకు ఏ పనికి ఎంత ఖర్చయిందో పైసతో సహా తెలుసుకోవడం అతని పద్ధతి. 1901లో తన ఉక్కు కంపెనీని 48 కోట్ల డాలర్లకు అమ్మేసి ప్రపంచంలో పెద్ద ధనవంతుల్లో ఒకడయ్యాడు.

అమ్మకానికి ముందే, 1900లో పిట్స్‌బర్గ్ నగరానికి ఒక మాట ఇచ్చాడు. మీరు స్థలం ఇవ్వండి, నేను 10 లక్షల డాలర్లు ఇస్తాను, ఇక్కడి కార్మికుల కొడుకులకు, కూతుళ్ళకు పని విద్య నేర్పే బడి పెడదాం అని. 1905లో తరగతులు మొదలయ్యాయి. ఆడపిల్లల విభాగానికి చెప్పులు కుట్టిన తల్లి పేరే పెట్టాడు, మార్గరెట్ మారిసన్ అని. 1912లో అది డిగ్రీలిచ్చే కార్నెగీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అయింది. 1967లో అదే ఊరి బ్యాంకర్ల కుటుంబం పెట్టిన మెలన్ పరిశోధన సంస్థతో కలిసి కార్నెగీ మెలన్ యూనివర్సిటీ అయింది.

ప్రైవేటు పరిశోధన విశ్వవిద్యాలయం అంటే ఏమిటో కూడా చెప్పించుకున్నాం. ప్రైవేటు అంటే ప్రభుత్వం నడపదు. ట్రస్టీలు నడుపుతారు. ఫీజులు, దాతల విరాళాలు, ఆ విరాళాల మూలధనం మీద వచ్చే రాబడి, పరిశోధనకు ప్రభుత్వం, కంపెనీలు ఇచ్చే డబ్బు, ఇవీ దాని ఆదాయాలు. పరిశోధన అంటే అక్కడి పంతుళ్ళు ఉన్న పాఠం చెప్పి ఊరుకోరు. కొత్తది కనిపెట్టి దాన్ని పాఠంగా చెబుతారు.

ఆ యూనివర్సిటీలోని బిజినెస్ స్కూలు 1949లో పుట్టింది. గల్ఫ్ ఆయిల్ కంపెనీ పెట్టిన విలియం లారిమర్ మెలన్ 60 లక్షల డాలర్లు ఇచ్చాడు. 2004లో అక్కడే ఎంబీయే చదివిన డేవిడ్ టెప్పర్ 5 కోట్ల 50 లక్షల డాలర్లు ఇస్తే ఆయన పేరు పెట్టారు. ఇప్పుడు దాన్ని టెప్పర్ స్కూల్ అంటారు. అంతవరకు చాలా బిజినెస్ స్కూళ్ళలో ఫలానా కంపెనీ ఇలా చేసింది, మీరైతే ఏం చేస్తారు అని చర్చ పెట్టి నేర్పేవారు. వీళ్ళు మాత్రం వ్యాపారాన్ని లెక్కలతో, శాస్త్రంలా చూద్దామన్నారు. పిల్లల్ని జట్లుగా చేసి, కంప్యూటరు మీద ఉత్తుత్తి డిటర్జెంటు కంపెనీలు నడిపించే ఆట కూడా 1950ల చివర్లో మొదలుపెట్టారు. అక్కడ నష్టమొస్తే ఎవడి కూలీ ఆగదు. మేము మాత్రం ఆ ఆట నిజం చీరలతో, నిజం మనుషులతో ఆడి ఓడిపోయాం.

ఇక మా రిజిస్టరుకు పనికొచ్చిన సంగతి. 1950ల్లో ఆ స్కూలులో నలుగురు కలిసి ఒక రంగుల ఫ్యాక్టరీ లెక్కలు తీసుకుని చూశారు. హోల్ట్, మోడిగ్లియాని, మ్యూత్, సైమన్. 1960లో అది పుస్తకంగా వచ్చింది. అందులో ఇద్దరికి, సైమన్‌కు 1978లో, మోడిగ్లియానికి 1985లో, అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అమ్మకాలు నెలనెలకూ ఎక్కువ తక్కువ అవుతుంటాయి గదా, మరి తయారీ ఎలా ఉండాలి అన్నది వాళ్ళ ప్రశ్న. ఖర్చు నాలుగు చోట్ల ఉంటుందన్నారు. ఒకటి, మామూలు జీతాలు. రెండు, పని పెరిగితే మనుషుల్ని తీసుకోవడానికీ, తగ్గితే తీసేయడానికీ అయ్యే ఖర్చు. మూడు, ఓవర్‌టైము. నాలుగు, సరుకు మిగిలిపోయినా చాలకపోయినా వచ్చే నష్టం. ఈ నాలుగూ కలిపి తక్కువయ్యేలా, రాబోయే నెలల అంచనా, చేతిలో ఉన్న సరుకు, ఉన్న మనుషులు, ఈ మూడూ చూసి ఈ నెల ఎంత తయారు చేయాలో చెప్పే సూత్రం కట్టారు. దగ్గరి నెలలకు ఎక్కువ విలువ, దూరపు నెలలకు తక్కువ విలువ. తేలిందేమంటే, బజారు ఎగిరినప్పుడల్లా ఎగిరి, పడినప్పుడల్లా పడిపోకూడదు. పనిని వీలైనంత సమంగా పరుచుకోవాలి.

బంధువులారా, ఆ రెండో ఖర్చు దగ్గర మేము ఆగిపోయాం. మనిషిని పంపేయడం కూడా ఖర్చే! మా పుస్తకంలో ఆ పద్దు ఎన్నడూ లేదు. నూలు ఆపేసిన నెలలో కూలి మిగిలిందని జమ వేసుకున్నాం. నాలుగు మగ్గాలు పోయినందుకు ఖర్చు ఎక్కడా రాయలేదు. రంగు డబ్బాల ఫ్యాక్టరీలో అయితే కొత్తవాడికి పని నేర్పడానికి కొన్ని వారాలు పడుతుందేమో. కుంభం అంచు తిప్పడం నేర్పాలంటే ఎన్నేళ్ళు పడుతుందో ఇక్కడున్న ప్రతి అమ్మకూ తెలుసు. మరి మన పుస్తకంలో ఆ పద్దు అందరికంటే పెద్దదిగా ఉండాలి గదా!

ఆ పిల్ల పెద్ద సూత్రాలేవీ మా మీద రుద్దలేదు. ఒక్కో రకానికి ఒక్కో పేజీ వేసి, మూడేళ్ళ అమ్మకాలు నెలవారీగా రాయించింది. చూస్తే, వెడల్పు అంచు చీరలు ముహూర్తాల నెలల్లోనే పోతున్నాయి. ఆషాఢంలో, భాద్రపదంలో దాదాపు సున్నా. జోడాలు, సన్నంచు చీరలు మాత్రం ఏడాది పొడుగునా కొద్దికొద్దిగా పోతూనే ఉన్నాయి. అందుకని అందరికీ ఒకే డిజైన్ ఇవ్వడం మానేశాం. పని లేని నెలల్లో జోడాలకు పడుగు ఇస్తున్నాం. నూలు ఒకేసారి కాకుండా మూడు విడతలుగా కొంటున్నాం.

ఇంకో సంగతి. ఆ నలుగురిలో హెర్బర్ట్ సైమన్ చెప్పిన మాట మాకు బాగా నచ్చింది. మనిషికి అన్నీ తెలియవు, అన్నీ లెక్కేసే టైమూ ఉండదు. అందుకని అన్నింటికన్నా మంచిదాని కోసం వెతుకుతూ పోడు, సరిపోయేది దొరికితే ఆగుతాడు అని ఆయన చూపించాడు. ఒక దుకాణం వాళ్ళు మా పాత చీరల్లో సగం ఒకేసారి తీసుకుంటామని వచ్చారు. ధర మేము అనుకున్నదానికంటే కాస్త తక్కువ. పాత రోజుల్లో అయితే ఢిల్లీ ఎగ్జిబిషనులో ఇంకా మంచి ధర వస్తుందని ఆపేవాళ్ళం. ఈసారి అసలు ధర, వడ్డీ కలిపి చూసుకున్నాం. ఖర్చు గిట్టుతోంది, కూలి బకాయి తీరుతోంది. చాలు అనుకుని ఇచ్చేశాం. బీరువాలు పూర్తిగా ఖాళీ కాలేదు. అద్భుతాలేం జరగలేదు. కానీ ఆ తర్వాత కూలి ఏ నెలా ఆగలేదు. సూరత్ వెళ్ళిన నలుగురిలో ఒకాయన తిరిగొచ్చాడు. ముగ్గురు రాలేదు. వస్తారని చెప్పలేం.

కార్నెగీ గారిని మేము దేవుణ్ణి చేసి చెబుతున్నామనుకోకండి. కథలో చేదు కూడా చెప్పాలి. 1892లో పిట్స్‌బర్గ్ దగ్గర హోమ్‌స్టెడ్ అనే చోట ఆయన ఉక్కు మిల్లులో కూలి తగ్గిస్తామన్నారు. కార్మికుల యూనియన్ ఒప్పుకోలేదు. మిల్లుకు తాళాలు వేశారు. ఆయన మేనేజరు ఫ్రిక్ కిరాయి కాపలాదారులను పడవల్లో దింపితే తుపాకులు పేలాయి. రెండు వైపులా మనుషులు చచ్చిపోయారు. చివరికి యూనియన్ విరిగిపోయింది. కార్నెగీ ఆ సమయంలో ఎక్కడున్నాడంటే స్కాట్లాండులో. తండ్రి మగ్గం మూగబోయిన దేశంలోనే ఉన్నాడు. టన్ను ఉక్కుకు పైసల లెక్క తెలిసిన మనిషికి మనిషిని పంపేస్తే పడే ఖర్చు కనిపించలేదు. ఆయన పేరు మీదున్న బడిలో అరవై ఏళ్ళ తర్వాత పంతుళ్ళు అదే ఖర్చును కాగితం మీద పెట్టారు. ఇందులో మాకు గొప్ప పాఠం ఉంది. లెక్క నేర్చుకోవాలి. కానీ ఏ పద్దు రాస్తున్నాం, ఏ పద్దు వదిలేస్తున్నాం అన్నది చూసుకోవాలి. వదిలేసిన పద్దులో ఎవడి ఇల్లో ఉంటుంది.

అందుకే మా కమిటీ పెద్దాయన వేసిన ప్రశ్న తప్పు కాదు. రేపు ఆ పిల్ల మన చీరకు ధర తగ్గించే కంపెనీలో చేరవచ్చు. కానీ ధర తగ్గించేవాడి బల్ల దగ్గర మగ్గం ఇంటి పిల్ల ఒకతి ఉండటం మంచిదా, అసలు ఎవరూ లేకపోవడం మంచిదా? మన పిల్లలు ఇంజనీర్లయ్యారు, డాక్టర్లయ్యారు, సంతోషం. నేత సాంకేతిక చదువుకు సేలంలో, బర్‌గఢ్‌లో కేంద్ర ప్రభుత్వ చేనేత సంస్థలు ఉన్నాయి. రంగు, డిజైను, మగ్గం నేర్పేవాళ్ళు ఉన్నారు. మన దగ్గర లేనిది ధర కట్టడం, స్టాకు చూడటం, బేరంలో ఎదుటివాడి లెక్క చదవడం తెలిసినవాళ్ళు. దాని కోసం షావుకారు మీద ఆధారపడ్డాం. తర్వాత ఆఫీసర్ల మీద ఆధారపడ్డాం.

ఆ యూనివర్సిటీతో మన తెలుగువాళ్ళకు ఇంకో బంధం ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారు 1969 నుంచి అక్కడ ప్రొఫెసరు. ఆయనది బిజినెస్ స్కూలు కాదు, కంప్యూటర్ల విభాగం. వాళ్ళ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆయనేనట. 1994లో కంప్యూటర్ రంగంలో పెద్దదైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పల్లె పిల్లల కోసం 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీల విశ్వవిద్యాలయానికి మొదటి ఛాన్సలరు ఆయనే. అంత దూరం వెళ్ళి కూడా పల్లె పిల్లల వైపు తిరిగి చూశాడు.

మన పిల్లలందరూ పిట్స్‌బర్గ్ వెళ్ళాలని మేము చెప్పడం లేదు. అక్కడి ఫీజుకు మా వీధి మొత్తం అమ్మినా చాలదు. మన ఊళ్ళ చుట్టూ కూడా ఇప్పుడు ప్రైవేటు యూనివర్సిటీలు ఎన్నో వచ్చాయి. హోర్డింగు మీద "రీసెర్చ్ యూనివర్సిటీ" అని రాసి ఉంటుంది. తల్లిదండ్రులకు ఒక్క మాట. లోపలికి వెళ్ళి "బాబూ, మీరు ఏం పరిశోధన చేశారు? ఎవరికి పనికొచ్చింది?" అని అడగండి. యూజీసీ జాబితాలో పేరు ఉందో లేదో చూడండి. ఏజెంటు మాట నమ్మి ముందు డబ్బు కట్టకండి. మొదట బ్యాంకు విద్యారుణం అడగండి, తర్వాత సంఘాన్ని అడగండి. ఇల్లు తాకట్టు ఆఖరి మాటగా ఉండాలి. మగ్గం తాకట్టు అసలు వద్దు.

చివరగా సమాఖ్య ముందు మూడు విన్నపాలు పెడుతున్నాం. ఒకటి, విద్యానిధి నియమంలో మేనేజిమెంటు, అకౌంట్సు, కాస్టింగు చదువులు కూడా చేర్చండి. మా సంఘం చేర్చింది. ఆ పిల్లకు లక్షన్నర ఇచ్చాం. కమిటీలో మొదట వద్దన్న పెద్దాయనే చెక్కు మీద రెండో సంతకం పెట్టాడు. ఆమె ఇప్పుడు రెండో ఏడు చదువుతోంది. రెండు, ఏడాదికోసారి సంఘం సెక్రటరీలకు, గుమాస్తాలకు పది రోజుల లెక్కల శిక్షణ పెట్టండి. తెల్లజుట్టు వచ్చిందని సిగ్గుపడకుండా మేము మొదటి బెంచీలో కూర్చుంటాం. మూడు, నిధి అప్పుతో చదివిన ప్రతి పిల్లా పిల్లాడూ ఏడాదికి పది రోజులు ఏదో ఒక నేత సంఘం రిజిస్టరు తిరగేసి చూడాలని షరతు పెట్టండి. వడ్డీ వద్దు. ఆ పది రోజులే వడ్డీ.

మా స్టాకు రిజిస్టరులో ఇప్పుడు కొత్త కాలమ్ ఒకటి గీశాం. పైన "ఆగిన మగ్గాలు" అని రాశాం. ప్రతి నెలా కూలి, నూలు, వడ్డీ పక్కన ఆ సంఖ్య కూడా రాస్తున్నాం. ఈ నెల మూడు ఉంది. అది పెరిగితే ఎంత లాభం వచ్చినా ఆ నెల మాకు నష్టమే. మీ మీ సంఘాల్లో కూడా ఆ కాలమ్ గీయమని చేతులు జోడించి కోరుతున్నాం.